మూడూర్ల ఒపేరా

టీవీవాళ్లు మా ఇంటికి వచ్చిన పొద్దు నేను మిషను ముందర కూచొని చీరలకు ఫాల్స్ కుడతాండాను. ప్రొద్దుటూరులో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటామె ముగ్గేస్తే సగం మా గడప ముందరే పడుతుంది. కారు సందు మొదట్లో నిలిపి ఇద్దరు నడిచి వచ్చినారు. ముందర ఒక పాప, ముప్పై ఏండ్లు ఉంటాయేమో, జుట్టు మగపిల్లోల మాదిరి కత్తిరించుకోనింది. వెనక కెమెరా సంచి మోసుకుంటా ఒకాయన.

"నాటకాల్లో పాడే అక్క మీరేనా?" అని అడిగింది ఆ పాప.

"పాడతాంటి. మానేసి శానా రోజులాయ," అన్నాను.

మా నాయన పద్యనాటకాలు నేర్పించే అయ్యవారు. హార్మోనియం పెట్టె మోసుకొని ఊరూరూ తిరిగినాడు. మేం ఇద్దరం ఆడపిల్లలం, మగపిల్లలు లేరు. చిన్నప్పుడే అక్కకూ నాకూ రాగాలు నేర్పినాడు. అక్కను జమ్మలమడుగులో ఇచ్చినారు. అత్తగారోళ్లకు ఇష్టం లేక ఆమె స్టేజీ ఎక్కలేదు, గుళ్లో భజన వరకే. నేను మాత్రం పెండ్లయినాక కూడా ఇరవై ఏండ్లు రాణి వేషాలు కట్టినాను. ఆ తర్వాత నాటకాలు ఆడించేవాళ్లు తగ్గిపోయినారు. నా గొంతు కూడా పైకి పోయేది మానేసింది. అది పోయిందని నేనేమీ బాధ పడలేదు. బాధ పడేకి తీరిక ఉండాల కదా.

ఆ పాపది హైదరాబాదు. సంగీతం చదువుకునేకి విదేశాలకు పోయి వచ్చిందంట. ఇప్పుడు టీవీ కోసం ఒక ఒపేరా చేస్తాందంట.

"ఓ పేరా? ఏం పేరు?" అన్నాడు మా ఆయన. అన్నానికని అప్పుడే అంగడి నుంచి వచ్చినాడు. బట్టలంగట్లో చీరలు చూపించే పని ఆయనది. కొత్త మాట ఏది విన్నా అది కొత్త రకం చీరేమో అనుకుంటాడు.

ఆ పాప నవ్వి, ఒపేరా అంటే ఏమో వివరంగా చెప్పింది. నాటకమే. అయితే అందులో మాటలుండవు, అన్నీ పాడాలి.

"మా నాటకాలు కూడా అంతే కదమ్మా," అన్నాను.

"కాదక్కా. మీ నాటకంలో పద్యం వేరు, మాట వేరు. ఇందులో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా పాడాలి. కాకపోతే అది పాట లాగా ఉండకూడదు."

"పాడాల. పాట మాదిరి ఉండగూడదు," అని మా ఆయన తనలో తాను అనుకొని, కాళ్లు కడుక్కునేకి పెరట్లోకి పోయినాడు.

నాకూ అర్థం కాలేదు. అయినా సరే అన్నాను. ఎందుకు అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ పాప నా గొంతు ఒకసారి వింటానంటే, ఏదో ఒకటి ఆలాపన చేసినాను. పైకి పోలేక మధ్యలో నిలిపేసినాను. ఆమె కండ్లు పెద్దవి చేసి, కెమెరా ఆయన దిక్కు చూసి, "ఇదే గొంతు," అనింది. ఏ గొంతో నాకేం తెలుసు.

మూడో రోజు మా మిద్దె మీద షూటింగు. మిరపకాయలు ఆరబోసి ఉంటే తీసేద్దామని పోయినాను. "ఉండనీ అక్కా, బాగుంటాయి," అనింది. నన్ను మంచి చీర కూడా కట్టుకోనియ్యలేదు. ఇంట్లో ఉండే నైటీ మీద తువాలేసుకొని నిలబడమనింది. రాణి వేషానికి కిరీటమూ వడ్డాణమూ పెట్టుకొని అలవాటైన దాన్ని. టీవీలో ఊరంతా చూస్తాంటే నైటీలో ఏంది అని కొట్లాడి, కడాకు ఒక పాత నూలుచీర కట్టుకున్నాను.

చెవిలో ఒక చిన్న మిషను పెట్టినారు. అందులో తంబూర మాదిరి జుమ్మని ఒకటే శ్రుతి. చేతికి ఒక కాగితం ఇచ్చినారు. అందులో నేను పాడాల్సిన మాటలు మాత్రమే ఉన్నాయి. అవి పద్యాలు కావు, ఏమీ కావు. 'అక్కా, యాడుండావు?' అని ఒకటి. 'కూరాకు ఏం చేసినావు?' అని ఒకటి. 'ఈ పొద్దు ఎండ ఎక్కువుంది' అని ఇంకొకటి. ప్రతి మాటకూ నడమ ఖాళీ వదిలినారు.

"ఈ ఖాళీలో ఎవురు పాడతారు?" అని అడిగినాను.

"ఇంకో ఊళ్లో ఒక అక్క పాడుతుంది. జమ్మలమడుగులో. ఆమెకూ మీ మాటలు వినిపించవు, మీకూ ఆమె మాటలు వినిపించవు. మీరు ఒకరినొకరు చూసుకోకూడదు. అంతా అయినాక నేను కలుపుతాను. అదే ప్రయోగం."

"ఆమె ఎవురు?"

"ఇందులో ఎవరికీ పేర్లు లేవక్కా. ఆమె అక్క, మీరు చెల్లెలు. పులివెందులలో మీ నాన్న ఉంటాడు."

"మా నాయన చచ్చిపోయి శానా ఏండ్లాయమ్మా."

"ఒపేరాలో నాన్న," అని సర్ది చెప్పింది.

జమ్మలమడుగు అనేసరికి నాకు ఒక్క నిమిషం ఏదో అనిపించింది. ఆ ఊళ్లో ఎన్ని వేలమంది ఆడవాళ్లుంటారు, మా అక్కే ఎందుకైతాది అనుకొని ఊరకుండిపోయినాను.

మా అక్కతో నాకు మాటల్లేక పదేండ్లు దాటింది. అది ఎట్లైందో చెప్తాను. అమ్మ చివరి రోజుల్లో అక్క దగ్గరే ఉన్నింది. అమ్మ పోయిన పొద్దు నేను సింహాద్రిపురం పక్కన ఒక పల్లెలో వేషం కట్టి ఉన్నాను. వేషం కట్టినాక మా సెల్లులన్నీ నాటకం మేనేజరు సంచిలో పెట్టేవాళ్లం. అక్క చేసిన ఫోను ఆయప్పే ఎత్తినాడు. చెప్తే నాటకం నిలిచిపోతాదని నాకు చెప్పలేదు. అంతా అయినాక, "మీ అమ్మకు బాగలేదంట, పో," అని ఒక జీపులో ఎక్కించినాడు. నేను జమ్మలమడుగు చేరేపాటికి అమ్మను కాటికి ఎత్తేసినారు. నా మొగం మీద రంగు సగం అట్లే ఉన్నింది. అక్క ఆ మొగం దిక్కు చూసింది. అట్లే లోపలికి పోయింది. చావు కబురు తెలిసి కూడా నాటకం ముగించుకొని వచ్చిందని ఆమె నలుగురితో అనిందని తర్వాత తెలిసింది. ఆమె నన్ను అడిగితే చెప్దామనుకున్నాను. ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. అట్లట్లే ఏండ్లు గడిచిపోయినాయి.

మిద్దె మీద కాగితం చూసి పాడుకుంటా పోతాంటే ఒక చోట 'అమ్మ ఎట్లుంది?' అని ఉన్నింది. నాకు నోరు రాలేదు. ఆ పాప, "తొందరేం లేదక్కా, మీకు ఎప్పుడు వస్తే అప్పుడు పాడండి," అనింది. కెమెరా తిరుగుతానే ఉంది. కింద సందులో గ్యాసు బండివాడు కేకేస్తాండాడు. వాని కేక నిలిచినాక, రాగమూ లేదు ఏమీ లేదు, ఏదో ఒక స్వరం మీద ఆ రెండు మాటలు అనేసినాను. ఆ పాప నా చేతులు పట్టుకొని, "ఇదే కావాలి అక్కా, ఇదే," అనింది. ఇరవై ఏండ్లు గొంతు చించుకొని పాడితే రాని మెప్పు, పాడడం చేతగాక అన్నదానికి వచ్చింది. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేసినారు. మా ఆయన అంగడికి సెలవు పెట్టినాడు. సందులో ఆడవాళ్లంతా మా ఇంట్లో కూచున్నారు, చోటు లేనోళ్లు గడప మీద నిలబడినారు.

టీవీలో మూడు గళ్లు వచ్చినాయి. ఎడమ గడిలో మా మిద్దె, మిరపకాయలు, నేను. నడిమి గడిలో ఒక ముసలాయన, తెల్ల గడ్డం, తలకు టోపీ, వరండాలో కుర్చీ మీద కూచొని ఉన్నాడు. కుడి గడి కొంచేపు ఖాళీగా ఉన్నింది. ఒక పెరడు, తొట్టి, దండెం మీద తడిగుడ్డలు. ఆ గుడ్డల ఎనక నుంచి ఒకామె వచ్చి నిలబడింది.

మా అక్క.

ఆమె జుట్టంతా తెల్లబడింది. అది నాకు టీవీ చూసినాకనే తెలిసింది.

"ఒసే, మీ అక్క కదే!" అనింది ఎదురింటామె.

టీవీలో నేను, 'అక్కా, యాడుండావు?' అని సాగదీసినాను. అవతలి గడిలో మా అక్క, నాయన నేర్పిన గొంతుతోనే, 'ఈడనే ఉండా' అనింది. కూరాకు ఏం చేసినావని నేనడిగితే, తోటకూర అని ఆమె పాడింది. నడిమి గడిలో ముసలాయన, 'బిడ్డలారా, తిన్న్యారా?' అని పాడినాడు. ఆయన గొంతు పీర్ల పండగప్పుడు గుండం చుట్టూ పాడే గొంతు మాదిరి ఉంది, ఒణుకుతా, కింది నుంచి ఎక్కడో లేస్తా. మేమిద్దరం ఒకేసారి, 'తిన్న్యాం నాయనా' అన్న్యాం. ఇద్దరి గొంతులూ ఎంత కలిసినాయంటే, ఎవురిది ఏదో నాకే తెలియలేదు.

"సౌండు ఏందో తిరుక్కోనుంది," అని ఒకామె లేచి టీవీ కింది పెట్టె మీద రెండు దెబ్బలు కొట్టింది.

"సౌండు బాగనే ఉంది. అది అట్లే ఉంటాది," అన్నాడు మా ఆయన, ఒపేరా ఎంతో తెలిసిన మాదిరి.

"కథేంది మరి?"

"కథ ఉండదంట."

"ఇంకెందుకు పాడతాండారు?"

అప్పుడే ఆ మాట వచ్చింది. 'అమ్మ ఎట్లుంది?' అన్నాను టీవీలో. తడిగుడ్డలు గాలికి ఊగినాయి. అక్క కెమెరా దిక్కు చూడకుండా, దండెం దిక్కు చూస్తా, 'పండుకోనుంది. లేపొద్దు' అని పాడింది.

మా అమ్మ సంగతి సందులో అందరికీ తెలుసు. నేను లేచి వంటింట్లోకి పోయి నీళ్లు తాగినాను. తిరిగి వచ్చేపాటికి టీవీలో సబ్బు ప్రకటన వస్తాంది. ఐపోయిందా, మధ్యలో నిలిపినారా అనేది ఎవురికీ తెలియలేదు. ఇంకొంచేపు కూచొని చూసినారు. సబ్బు తర్వాత వంటల ప్రోగ్రాము వచ్చినాక ఐపోయిందని లేచి పోయినారు.

ఆ పొద్దు నుంచి ఫోన్లు. చక్రాయపేట నుంచి మా పిన్నమ్మ కొడుకు చేసి, "అక్కా, మీరిద్దరూ కలిసినారంట. శానా సంతోషం," అన్నాడు.

"కలవలేదప్పా. టీవీలో అట్లా పెట్టినారు," అన్నాను.

"టీవీలో పలకరించుకుంటిరి కదక్కా. మేమంతా చూస్తిమి. ఇంకా ఏంది?"

ఎంత చెప్పినా ఎవురూ నమ్మలేదు. నైలాను దారం కోసం అంగడికి పోతే అంగడాయన కూడా, "మీ అక్క బాగుండాదా?" అని అడిగినాడు. ఏం చెప్పాల? బాగుంది అంటే అబద్ధం. తెలీదు అంటే, మొన్ననే కదా మాట్లాడింది అంటారు. రెండు రోజులకు, "బాగుంది, తోటకూర చేసిందంట," అనేది మొదలుపెట్టినాను.

ఆ హైదరాబాదు పాపకు ఫోను చేసినాను. "మేమిద్దరం సొంత అక్కాచెల్లెండ్లమని నీకు తెలిసే చేసినావా?" అని అడిగినాను.

"నిజమా అక్కా? నాకు తెలీదు. ఒట్టు. జమ్మలమడుగు గుళ్లో ఆమె భజన విన్నాను. మీ దగ్గరికి వచ్చినప్పుడు రెండు గొంతులూ ఒకటే లాగా అనిపించాయి, అందుకే తీసుకున్నాను." ఆ తర్వాత, "ఇది ఎంత అద్భుతమో తెలుసా అక్కా!" అనింది. ఎవురికి అద్భుతమో నాకు తెలియలేదు. ఫోను పెట్టేసినాను.

అక్క ఫోను చేస్తుందని చూసినాను. ఆమె నెంబరు నా దగ్గర ఉంది. నా నెంబరు కూడా ఆమె దగ్గర ఉండే ఉంటాది. పండుకోనుంది, లేపొద్దు అనే మాట కాగితంలో ఉన్నిందా, ఆమే అనిందా? అదొక్కటి అడగాలని ఉన్నింది. సెల్లు చేతికి తీసుకోవడం, కింద పెట్టడం, అంతే.

ఒక పొద్దు తెలియని నెంబరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నేను మీ నాయన్ను మాట్లాడతాండా," అనింది ఒక ముసలి గొంతు.

కుడతాండే మిషను నిలిపేసినాను.

"ఎవురు?"

"నేనమ్మా. టీవీలో మీ నాయన. పులివెందుల నుంచి."

ఆయన సాయిబు. కువైట్‌లో చాన్నాళ్లు కారు నడిపి వచ్చి, ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్నాడంట. పీర్ల పండగకు పాడతాడని ఎవురో చెప్తే ఆ పాప ఆయన్ను పట్టుకోనింది. నా నెంబరు ఆ పాప దగ్గరే తీసుకున్నాడంట. "నాకు ఆడబిడ్డల్లేరమ్మా," అన్నాడు. "నోటితో బిడ్డలారా అని పిలిచి, తిన్న్యారా అని అడిగి, ఇంటికి పిలవకుంటే ఎట్లా? మా ఇంటామె రోజూ నన్ను తిడతాంది. ఈ శుక్రారం నమాజు అయినాక అన్నానికి రా తల్లీ."

ఇదేం పిలుపో నాకు అర్థం కాలేదు. పాట కోసం నాయనైన మనిషి నిజంగా అన్నానికి పిలుస్తాండాడు. మా ఆయన్ను అడిగితే, "పిలిచినాక పోకుంటే బాగుండదు," అన్నాడు. రెండు కేజీల బెల్లం మిఠాయి కట్టించి పంపించినాడు.

శుక్రవారం పొద్దున ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరుకు పోయి, అక్కడ పులివెందుల బస్సు కోసం నిలబడినాను. జమ్మలమడుగు నుంచి వచ్చే బస్సు వచ్చింది. ఎక్కినాను. మూడో వరసలో కిటికీ పక్కన మా అక్క కూచొని ఉంది. ఒళ్లో అరటిపండ్ల సంచి.

ఇద్దరం చూసుకున్న్యాం. నాకు దిగిపోదామనిపించింది. బస్సు కదిలింది.

"యాడికి?" అనింది అక్క. టీవీలో తప్ప, పదేండ్ల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"పులివెందులకు."

"సాయిబు పిలిచినాడా?"

"ఊ. నిన్ను కూడానా?"

"ఊ."

అంతే. నేను కమ్మీ పట్టుకొని నిలబడినాను. కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూసి ఆడోళ్ల ఫ్రీ టికెట్టు కొట్టి, "ఆడ సీటుంది కదమ్మా, కూచో," అని అక్క పక్కన చూపించినాడు. కూచున్నాను. ముందు సీటులో ఒకామె తిరిగి తిరిగి చూసి, "టీవీలో పాడిన అక్కాచెల్లెండ్లు మీరే కదా? ఏమైనా మీ మాదిరి కలిసి ఉండాల," అనింది. అక్క కిటికీ దిక్కు తిరిగింది. పులివెందుల వచ్చేదాకా మేం ఇంకొక మాట మాట్లాడలేదు.

సాయిబు బస్టాండుకే వచ్చి నిలబడి ఉన్నాడు. టీవీలో కనిపించిన దాని కంటే పొట్టి మనిషి. ఇద్దరం ఒక బస్సులో దిగితే, "కలిసే వచ్చినారా, మంచిదాయ," అని ముందర నడిచినాడు. మేం కాదనలేదు. ఇంట్లో ఆయన భార్య మా ఇద్దరి చెంపలూ నిమిరి, నెత్తి మీద మెటికలు విరిచింది. ఆమెకు చెవులు సరిగా వినిపించవు. ఆ ప్రోగ్రాము మాటలు వినపడకుండానే చూసి ఏడ్చిందంట.

చాప వేసి పలావు, దాల్చా పెట్టినారు. సాయిబు మాకెదురుగా కూచొని, కాస్త సిగ్గుపడతానే అడిగినాడు.

"అమ్మా, ఆ పాటలో నాకొకటి అర్థం కాలేదు. నా కాగితంలో నా మాటలే ఉన్నాయి. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో టీవీ చూస్తేనే తెలిసింది. మీ అమ్మ పండుకోనుంది అన్నావు కదా బేటీ," అని అక్క దిక్కు చూసినాడు. "ఆమెకు బాగలేదా? పాటలో ఆమె నా భార్యే కదా, మరి నాకెవురూ చెప్పలేదే?"

అక్క చేతిలో ముద్ద అట్లే ఉండిపోయింది. "ఆమె లేదు. పోయింది," అనింది.

"అయ్యో. పాటలోనా?"

"నిజంగానే. శానా ఏండ్లాయ. ఈమె అప్పుడు నాటకమాడతాంది. ఫోను చేస్తే రాలేదు. ఆట ముగించుకొని, మొగాన రంగేసుకొని వచ్చింది."

ఆయనతో చెప్తాందో నాతో చెప్తాందో తెలియలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఫోను నేనెత్తినానా? మేనేజరు ఎత్తినాడు. వాడు నాకు చెప్పలేదు. తెల్లారేటప్పుడు, బాగలేదంట పో అన్నాడు. నాకు తెలిసుంటే ఒక్క నిమిషం ఉంటానా?"

"తెలీదా? నీకు తెలీదా? మేనేజరు నాతో, చెప్పినానమ్మా, ఆట కాంగనే వస్తానంటాంది అన్నాడే!"

"అట్లన్నాడా?"

"అన్నాడు."

"నేను అనలేదు."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?"

ఇద్దరికీ గొంతులు పైకి లేచినాయి. ఎన్నడో పోయింది అనుకున్న నా పైస్థాయి ఆ పొద్దు వాళ్ల వరండా దాటి వీధిలోకి పోయింది. పక్కింటోళ్లు గోడ మీంచి చూస్తాండారు. సాయిబు ఒకసారి ఆమె దిక్కు, ఒకసారి నా దిక్కు తిరుగుతాండాడు. కాసేపటికి చెయ్యెత్తి, మెల్లగా అడిగినాడు.

"అమ్మా, ఇది రెండో భాగమా? నాకు కాగితం ఇయ్యలేదే."

ఆయన ఎకసెక్కానికి అనలేదు. మొగం చూస్తే తెలుస్తాంది, నిజంగానే కంగారు పడుతాండాడు, తను పాడాల్సిన చోట పాడకుండా పోయినానేమో అని.

మొదట నవ్వింది అక్కే. ఆ నవ్వు ఎట్లాంటిదో చెప్పలేను. నవ్వుతానే కొంగు నోట్లో కుక్కుకోనింది. నేను కూడా నవ్వినాను, నవ్వుతాంటే కండ్లలో నీళ్లొచ్చినాయి. సాయిబు భార్య ఏమనుకుందో, మా ఇద్దరి తట్టల్లోనూ ఇంకొక గరిటె పలావు వేసింది. చల్లగైతాందని సైగ చేసింది. తిన్న్యాం.

"ఆయప్పకు కాగితం ఇయ్యకుంటే ఎట్లా," అనింది అక్క, ముక్కు తుడుచుకుంటా. ఆమె నాతో అన్న మాటే అది. అయితే నా దిక్కు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూచున్న్యాం. పండుకోనుంది, లేపొద్దు అని కాగితంలో ఉన్నిందా అని అడిగినాను.

"పండుకోనుంది అనేది ఉన్నింది," అనింది. "లేపొద్దు అనేది లేదు. నోటికి వచ్చింది."

"ఎందుకు?"

"ఏమో."

మేనేజరు ఏమైనాడని అడిగింది. పోయి నాలుగేండ్లైంది అన్నాను. "ఇంక వాన్ని ఎవురడగాల," అనింది. నన్ను నమ్మిందా లేదా అనేది ఆ మాటలో నాకు దొరకలేదు. ముద్దనూరులో నేను దిగేటప్పుడు సంచిలో మిగిలిన అరటిపండ్లు నా చేతిలో పెట్టింది. పోయొస్తానని నేను అనలేదు, పో అని ఆమె అనలేదు. బస్సు జమ్మలమడుగు దిక్కు తిరిగింది.

ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోను చేసుకుంటాండాం. ఇద్దరం ఎక్కువ మాట్లాడలేం. పండగకు సాయిబు ఇంటికి నేనొక తూరి పోయినాను, అక్కొక తూరి పోయింది.

మొన్న ఎండాకాలంలో అక్కకు కంటి ఆపరేషను చేయించాల్సి వచ్చింది. ప్రొద్దుటూరులో బాగా చేస్తారని ఆమె కొడుకు పిల్చుకొచ్చి మా ఇంట్లో దింపినాడు. వారం రోజులు ఉన్నింది. కంటికి కట్టు, వంగగూడదు, బరువెత్తగూడదు. నేనే చుక్కల మందు వేసినాను, జడ వేసినాను. తెల్ల జుట్టయినా ఒత్తుగానే ఉంది. మా ఆయన ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక, రోజూ అంగట్లో ఏ చీరలొచ్చినాయో చెప్పినాడు. ఆమె ఊ కొట్టింది.

కట్టు విప్పే ముందు రోజు సాయంత్రం అక్క మంచం మీద కూచొని ఉంటే, నేను పక్కన కూచొని చిక్కుడుకాయలు తుంచుతాండాను. ఉన్నట్టుండి, "ఆ పొద్దు ఏం వేషం కట్టినావు?" అని అడిగింది.

ఏ పొద్దని నేను అడగలేదు. "రాణి వేషం," అన్నాను. "అడవిలో బిడ్డను పోగొట్టుకున్న రాణి."

"పద్యాలు ఎన్ని?"

"ఏడో ఎనిమిదో."

"నాయన నేర్పినేటివేనా?"

"రెండు నాయనవి."

ఒక కన్ను కట్టులో ఉంది, ఇంకొక కన్ను మూసుకొని ఉంది. మొగం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"బాగా పాడినావా?"

కోపంతో అడిగిందా? నాయన పద్యాల మీద ఆశతో అడిగిందా? లేకుంటే అమ్మ పోతాన్నప్పుడు నేను ఏం చేస్తాంటినో తెలుసుకోవాలని మాత్రమే అడిగిందా? ఏం చెప్తే ఆమెకు మంచిదో నాకు తోచలేదు. చేతిలో చిక్కుడుకాయ అట్లే పట్టుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పినాను.

"బాగా పాడినా అక్కా. ఆ పొద్దు పాడినంత బాగా మళ్లీ ఎన్నడూ పాడలేదు."

ఆమె తల ఊపింది. వెల్లకిలా పండుకొని, ఫ్యాను కొంచెం తగ్గించమనింది.